ఒక కథ, రెండు సీట్లు

పిల్లల పత్రికలకు రాయాలని ఉందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని ఈ మధ్య ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు. అందరూ పాతికేళ్లలోపు వాళ్లే. ఎలా మొదలుపెట్టాలో నాకూ అంత బాగా తెలియదు. ఎలా మొదలుపెట్టకూడదో మాత్రం క్షుణ్ణంగా తెలుసు కాబట్టి అదే చెబుతాను. ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషిని. గొంతు కొంచెం పెద్దగా వినిపిస్తే సర్దుకోండి.

నా సర్వీసులో ఎక్కువ భాగం నంద్యాల, ఆళ్లగడ్డల మధ్యే గడిచింది. నడుమ రెండేళ్లు శ్రీశైలం ఎక్స్‌ప్రెస్‌కు వేశారు గానీ ఆ ఘాట్ రోడ్డు మలుపులు నా కడుపుకు పడలేదు. అడిగి మరీ పల్లె బస్సుకు తిరిగొచ్చాను. పొద్దున నంద్యాలలో బయల్దేరితే శిరివెళ్ల, బత్తలూరు మీదుగా ఆళ్లగడ్డ, మళ్లీ వెనక్కి. శనివారాలు మాత్రం అహోబిలం దాకా పొడిగింపు ఉండేది. ఆ రోజు బస్సులో కాలు పెట్టే సందు ఉండదు.

మా డ్రైవరు నంద్యాల మనిషి. సాయిబుల కుటుంబం, అన్నదమ్ములంతా మెకానిక్కులు, ఈయన ఒక్కడే స్టీరింగ్ పట్టాడు. నాకంటే మూడేళ్లు చిన్న. అయినా నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను అక్కా అంటాడు. బస్సుల్లో అది రివాజు, వయసుతో పనిలేదు. తొమ్మిదేళ్లు ఒకే బండి మీద పనిచేశాం. మనిషి మాట తక్కువ. మాట్లాడినా ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడే అలవాటు లేదు, కళ్లెప్పుడూ రోడ్డు మీదే కదా. నా కథలకు మొదటి శ్రోత ఈయనే. ఆళ్లగడ్డ స్టాండులో మాకు మధ్యాహ్నం నలభై నిమిషాలు ఆగే టైముండేది. ఆయన క్యారియర్ విప్పితే నేను నోటుబుక్కు విప్పేదాన్ని.

రాయాలన్న పురుగు ఎప్పుడు కుట్టిందో కూడా చెప్పాలి. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉండగా, ఒక శనివారం అహోబిలం ట్రిప్పులో ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకతి వాళ్ల అవ్వకు పిల్లల పత్రికలోంచి కథ చదివి వినిపిస్తోంది. నేను టికెట్లు కొడుతూనే ఒక చెవి అటు వేశాను. కథ చివర్లో తాతయ్య పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకోగానే ఆ పిల్ల టక్కున పేజీ తిప్పేసింది. అయిపోలేదు కదమ్మీ అని అడిగాను. "ఇంగ ఆయప్ప బుద్ధులు చెప్తాడులే," అంది.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే సంజామలలో మా చర్చిలో పెళ్లికి ముందు ఆరేళ్లు సండే స్కూల్లో కథలు చెప్పినదాన్ని నేను. ప్రతి కథ చివరా ఆ తాతయ్య లాగే పిల్లల్ని కూర్చోబెట్టి బుద్ధులు చెప్పాను. అప్పట్లో ఏ పిల్లా పేజీ తిప్పలేకపోయింది, ఎందుకంటే నా చేతిలో పేజీ లేదు, బెత్తం ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్లి ఒక నిర్ణయం తీసుకున్నాను. పేజీ తిప్పడానికి మనసొప్పని కథ ఒక్కటైనా రాసి, అచ్చులో చూసి, ఆ తర్వాతే ఈ లోకం నుంచి దిగుతాను.

మొదటి కథ పంపిన తీరు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉగాది కథ రాసి ఉగాది రోజు పంపాను. ఉగాది సంచిక పిల్లల చేతుల్లోకి వచ్చి అప్పటికే పది రోజులైందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. రెండో కథ పద్నాలుగు పేజీలు, వాళ్లు అడిగింది రెండు. మూడోది నోటుబుక్కులో రాసి ఫోటోలు తీసి పంపితే టైపు చేసి పంపమన్నారు. అందుకని యాభై ఎనిమిదేళ్ల వయసులో ఫోన్లో తెలుగు టైపు నేర్చుకున్నాను. టికెట్ మిషన్ మీద ఏళ్ల తరబడి ఆడిన బొటనవేలు అది, నెల రోజుల్లో దారికొచ్చింది. నాలుగోది అన్నీ సరిగ్గా పంపాను గానీ హామీ పత్రం జత చేయలేదు.

హామీ పత్రం సంగతి కొత్తవాళ్లు శ్రద్ధగా వినండి. మన పత్రికలకు కథ పంపేటప్పుడు దాంతో పాటు ఒక కాగితం రాసి సంతకం పెట్టి పంపాలి. ఈ కథ నా సొంతం, దేనికీ అనుకరణ కాదు, అనువాదం కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు. నాలుగు ముక్కలే. నేను దాన్ని ఎన్నిసార్లు రాశానంటే ఆఖరికి చూడకుండా రాసేదాన్ని. చూడకుండా రాసేది ఏదైనా ఆలోచించకుండా కూడా రాస్తాం, చిక్కంతా అక్కడే వచ్చింది.

తొమ్మిది కథలు తిరిగొచ్చాయి. తిరిగొచ్చాయి అంటే కొన్నిటికి రెండు మాటల జవాబు, కొన్నిటికి అదీ లేదు. ఇంట్లో మా ఆయన, ఈ వయసులో ఇదెందుకు, టీవీ చూసుకోరాదా అన్నాడు. నేను పదో కథ మొదలుపెట్టాను.

ఆ పదో కథ బస్సులోనే దొరికింది. శిరివెళ్లలో ఒక ముసలామె మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కింది. జీవాలకు లగేజీ టికెట్ కొట్టాలి కాబట్టి కొట్టాను. ఆమె టికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, మేకపిల్లను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, పక్కనున్న పెద్దమనిషిని లేచి నిలబడమంది. దానికీ టికెట్ ఉందని ఆమె వాదన. బస్సంతా నవ్వింది, పెద్దమనిషి తప్ప. నేను కథలో ఆ మేకపిల్లకే నోరిచ్చాను. లేవమన్న ప్రతివాళ్లకీ అది టికెట్ చూపిస్తుంది. అందరూ నోరు మూసుకుంటారు. తీరా చెకింగ్ వాళ్లు ఎక్కేసరికి టికెట్ కనిపించదు, ఎందుకంటే ఆకలేసి అదే తినేసింది. ఆళ్లగడ్డ స్టాండులో ఇది చదువుతుంటే మా డ్రైవరన్న అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి నవ్వాడు. తొమ్మిది కథలు విన్న మనిషి నవ్వడం అదే మొదలు. ఇది పంపు, ఇంకేం మార్చొద్దు అన్నాడు.

హైదరాబాదు నుంచి వచ్చే ఒక మాసపత్రికకు పంపాను. ఆరు నెలలు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకటికి రెండుసార్లు అడుగుతూ మెయిల్ పెట్టాలని కూడా నాకు తెలియదు. ఇక్కడ నా కండక్టరు బుర్ర పనిచేసింది.

శ్రీశైలం ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నప్పుడు మేం పాటించిన పద్ధతి ఒకటుంది. రిజర్వేషన్ చేసుకున్న మనిషి ఎక్కాల్సిన చోట ఎక్కకపోతే, కొంత దూరం చూసి, ఆ సీటును నిలబడ్డవాళ్లకు ఇచ్చేస్తాం. మనిషి రాలేదంటే రాడనే లెక్క. ఖాళీ సీటుతో బండి నడిపితే కండక్టరుకు నామోషీ. అదే లెక్క నేను కథకూ వేశాను. ఆరు నెలలైనా జవాబు లేదంటే ఆ పత్రిక ఎక్కనట్టే. సీటు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. విజయవాడ నుంచి వచ్చే ఇంకో పత్రికకు అదే కథ పంపాను. కొత్త హామీ పత్రం రాస్తుంటే, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అనే చోట పెన్ను కాసేపు ఆగింది. ఆగిందని ఇన్నేళ్లకు కూడా గుర్తుంది కాబట్టి తెలియక చేశానని అనలేను. ఆగిన పెన్నును నేనే ముందుకు తోశాను.

విజయవాడ వాళ్లు ఇరవై రోజుల్లో ఫోన్ చేశారు. కథ బాగుంది, వచ్చే నెల వేస్తున్నాం అన్నారు. ఆ రోజు నేను బత్తలూరులో దిగాల్సినవాళ్లను దించకుండా బెల్లు కొట్టేశాను. తర్వాత ఆపి, తిట్లు తిని, దించాను. తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

పత్రిక వచ్చిన రోజు డ్రైవరన్న నంద్యాల స్టాండులోని పుస్తకాల అంగడికి పోయి, తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒకటి కాదు, రెండు పత్రికలు తెచ్చాడు. అంగడాయన ఇచ్చాడట, మీ కండక్టరమ్మ కథ దీంట్లో కూడా ఉంది చూడు అని. హైదరాబాదు పత్రిక. మేకపిల్ల బొమ్మ అక్కడ నల్లగా ఉంది, ఇక్కడ తెల్లగా ఉంది. కథ మాత్రం అక్షరం తేడా లేకుండా అదే, కింద పేరు నాదే.

ఇప్పుడు మీరు నన్ను చూసి నవ్వాల్సిన ఘట్టం వచ్చింది. నాకు భయం వేయలేదు. సంతోషం రెట్టింపైంది. పోయేటప్పుడూ బస్సు నిండి, వచ్చేటప్పుడూ నిండితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక కథను ఇద్దరు మెచ్చుకున్నారని అనుకున్నాను. డిపోలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. మెమోలూ డ్యూటీ చార్టులూ అంటించే నోటీసు బోర్డు మీద మావాళ్లు ఆ రెండు కథల పేజీలు పక్కపక్కనే పిన్ను కొట్టి పెట్టారు. పైన ఎవరో ఎర్ర స్కెచ్ పెన్నుతో మా డిపో రచయిత్రి అని రాశారు. మూడు రోజులు ఆ బోర్డు ముందు నుంచి అవసరం లేకపోయినా నడిచాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ స్టాండులో, బస్సు తలుపు దగ్గర నిలబడి ఉండగా ఫోన్ మోగింది. హైదరాబాదు పత్రిక సంపాదకులు. పెద్దాయన. గొంతు మెత్తగా ఉంది. మెచ్చుకోడానికి చేశారనుకుని నేనే ముందు నమస్కారాలు చెప్పి, కృతజ్ఞతలు చెప్పి, బొమ్మ కూడా బాగుందని చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"అమ్మా, మీరు సంతకం పెట్టి పంపిన కాగితం నా ముందే ఉంది. చదవమంటారా?" అన్నారు.

ఇది మెచ్చుకోలు ఫోన్ కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన చదివారు. నాలుగు ముక్కలూ చదివారు. చదివాక నేను నా రిజర్వేషన్ లెక్క చెప్పాను. ఆరు నెలలు చూశానండీ, మీరు ఎక్కలేదనుకున్నాను అన్నాను. ఆయన కోప్పడలేదు.

"మేము జవాబు ఇవ్వకపోవడం మా తప్పేనమ్మా, ఒప్పుకుంటాను. మాది చిన్న ఆఫీసు, ఇద్దరమే ఉన్నాం. కానీ ఈ నెల పేజీలు చాలక, మీది ముందు నుంచీ ఉంది కదా అని ఒకామె కథ ఆపి మీది వేశాను. ఆమెది కూడా మొదటి కథే. పోయిన నెలే ఆమెకు ఫోన్ చేసి, వేస్తున్నామని చెప్పాను. మళ్లీ నేనే ఫోన్ చేసి, ఈసారికి లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది."

ఆ తర్వాత మీరు పంపిన ఇంకో మూడు కథలు మా దగ్గర ఉన్నాయి, వాటిని పక్కన పెడుతున్నాం అని కూడా చెప్పి ఫోన్ పెట్టేశారు. సాయంత్రానికి విజయవాడ నుంచి మెసేజి వచ్చింది. ఒక్కటే వాక్యం, ఇకపై మీ రచనలు పరిశీలించబోము. నేను రచయిత్రినై అప్పటికి నాలుగు రోజులు.

ఆ ఫోన్ పెట్టేసిన నిమిషంలోనే బస్సులో తగువు మొదలైంది. మా దగ్గర అది రోజూ ఉండేదే. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కింది నుంచి కిటికీలోకి టవల్ విసిరి సీటు పట్టుకుంటారు. ఎవరి టవల్ ముందు పడితే వాళ్లదే సీటు అని వాళ్ల చట్టం. నా చట్టం వేరు. మనిషి కూర్చుంటేనే సీటు, గుడ్డ కూర్చుంటే కాదని ఇరవై ఆరేళ్లుగా ఆ టవళ్లు తీసి వాళ్ల భుజాల మీదే వేసినదాన్ని. ఆ రోజు ఒకాయన రెండు సీట్ల మీద రెండు టవళ్లు వేశాడు. చంటిబిడ్డతో ఒకామె నిలబడి ఉంది. అందరూ నా వైపు చూశారు. నేను టికెట్ మిషన్ వైపు తల దించుకున్నాను.

డ్రైవరన్న వెనక్కి తిరిగి చూసి, తనే సీట్లోంచి లేచొచ్చి ఒక టవల్ తీసి ఆ తల్లిని కూర్చోబెట్టాడు. బస్సు శిరివెళ్ల దాటాక, జనం పలచబడ్డాక, ఫోన్లో ఏమన్నారని అడిగాడు. చెప్పాను. ఎదురొస్తున్న లారీకి దారిచ్చి, గేరు మార్చాడు.

"రెండు సీట్ల మీద టవల్ ఏసినావక్కా," అన్నాడు. "ఆయమ్మ యాడనో నిలబడుకోనుంది."

నేను తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. బాధతో కొంత, ఒళ్లుమంటతో కొంత. డ్రైవరు చెప్పింది నిజం కాకపోయి ఉంటే అంత ఒళ్లు మండేది కాదు.

మర్నాడు సంపాదకులకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఒక సంగతి గర్వంగానే చెబుతాను, నా సర్వీసులో పై అధికారులకు పదకొండు సంజాయిషీలు రాశాను, ఒక్కదానికీ ఇంక్రిమెంటు కోత పడలేదు. డిపోలో కొత్త కండక్టర్లు మెమో రాగానే నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ నైపుణ్యమంతా పోసి ఒకటిన్నర పేజీ రాశాను. ఆరు మాసములుగా తమ నుండి ఎటువంటి సమాచారము అందనందున, సదరు కథ తిరస్కరింపబడినదిగా భావించి, సదుద్దేశముతో, అని మొదలైంది అది. ఆళ్లగడ్డలో చదివి వినిపించాను. అన్న తినడం ఆపలేదు.

"బాగుందక్కా. చెకింగోళ్లకు రాసినట్లే ఉండాది," అన్నాడు.

అంటే ఏమిటని నిలదీశాను.

"వాళ్లు జవాబియ్యలేదంటావు, ఆర్నెల్లు చూసినానంటావు. ఇంతకీ తప్పు చేసినోళ్లు యాడుండారు దీంట్లో? నాకైతే కనపళ్లేదు."

రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. బండి కదలడానికి రైట్ అన్నాను, ఆగడానికి హోల్డాన్ అన్నాను, అంతే. మూడో రోజు నోటుబుక్కు తీసి మళ్లీ రాశాను. ఈసారి ఐదు వాక్యాలు వచ్చాయి. అయ్యా, కథ మీ దగ్గర ఉండగానే ఇంకొకరికి పంపాను. ఉందని నాకు తెలుసు, తెలిసే సంతకం పెట్టాను. నా వల్ల ఆగిపోయిన కథ రాసినామెకు నా తరఫున క్షమాపణ చెప్పండి. శిక్ష ఏదైనా మీరే చెప్పండి, పాటిస్తాను. రాయడం మాత్రం మానను.

చివరి మాట పొగరుగా ఉందేమో, తీసేద్దామా అని అడిగాను. రెండు రోజుల తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన క్యారియర్ మూత పెట్టాడు.

"ఉండనీ. నువ్వెట్లాగూ మానవు గదా," అన్నాడు.

విజయవాడకు కూడా అలాంటిదే ఒకటి రాశాను. వాళ్ల నుంచి జవాబు రాలేదు, ఈ రోజుకీ రాలేదు. వాళ్లను తప్పుపట్టను.

ఉత్తరాలు పంపడంతో పని తీరలేదు. డిపోలో నోటీసు బోర్డు మీద ఆ రెండు పేజీలూ ఇంకా ఉన్నాయి. డ్యూటీలు మారే టైములో, అందరూ ఉన్నప్పుడే పోయి పిన్నులు పీకాను. ఎందుకు తీస్తాండావమ్మా అని అడిగారు. ఒకే కథను ఇద్దరికి పంపి, పంపలేదని సంతకం పెట్టానని చెప్పాను. కొందరికి అందులో తప్పేముందో అర్థం కాలేదు. ఒక పాత డ్రైవరు, పోనీ ఒకటన్నా ఉంచమ్మా అన్నాడు. మెమోలు రాసే సెక్షన్ గుమాస్తా ఒకాయన మాత్రం, ఇన్నాళ్లూ నీ సంజాయిషీలు ఎంత నిజమో ఇప్పుడు తెలిసిందని నవ్వాడు. ఆ నవ్వు తగలాల్సిన చోటే తగిలింది. డిపోలో నాకు అప్పటికి ఉన్న ఆస్తి, అబద్ధం ఆడని కండక్టరమ్మ అన్న పేరు. అది ఆ సాయంత్రం కొంత తరిగింది.

హైదరాబాదు సంపాదకులు మూడు వారాల తర్వాత రాశారు. సంవత్సరం పాటు మాకు ఏమీ పంపకండి. ఆ తర్వాత పంపితే చదువుతాము. చదువుతామని మాత్రమే చెబుతున్నాను. ఇంతే. తర్వాతి నెల సంచికలో ఆగిపోయిన ఆ కథ వచ్చింది. ఒక చీమ వాన నీటిలో కొట్టుకుపోతూ దారిలో కనపడిన ఇళ్లన్నీ చూడటం కథ. చివర్లో బుద్ధులు లేవు. నా మేకపిల్ల కంటే బాగుంది. రెండుసార్లు చదివాను, రెండోసారి చదవడానికి కొంచెం తెగింపు కావలసి వచ్చింది.

ఆ సంవత్సరం ఎలా గడపాలన్నది ఇక నా చేతిలో పని. శిక్ష వేసింది ఒక్క పత్రికే, మిగతావాళ్లకు పంపుకోవచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. నడుమ ఒక కథల పోటీ కూడా వచ్చింది, నా దగ్గర సరిపోయే కథ ఉంది. టైపు చేసి, హామీ పత్రం రాయబోయి ఆగాను. నా సంతకాన్ని నేనే ఇంకా నమ్మడం లేదు. ఎవరికీ ఏదీ పంపకూడదని, వారానికో కథ రాసి తీరాలని పెట్టుకున్నాను. పండగ వచ్చినా, జ్వరం వచ్చినా, వారానికొకటి.

రాసినవి ఎవరికో ఒకరికి వినిపించాలి. సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి నంద్యాల తిరిగొచ్చే ట్రిప్పులో బడి పిల్లలు ఎక్కేవాళ్లు, దారి పొడవునా వాళ్ల ఊళ్లలో దిగేవాళ్లు. టికెట్లు కొట్టడం అయ్యాక వెనక సీట్ల దగ్గర నిలబడి, పైరాడ్ పట్టుకుని చదివేదాన్ని. మీకు చెప్పాల్సిన అసలు పాఠాలు నేను అక్కడే నేర్చుకున్నాను. బత్తలూరు పిల్లలు పదిహేను నిమిషాల్లో దిగిపోతారు. ఆ లోపు ఏదో ఒకటి జరగకపోతే వాళ్లకు ఆ కథ లేనట్టే. వర్ణన మొదలెడితే పిల్లలు కిటికీలోంచి చూస్తారు. చూసే హక్కు వాళ్లకుంది. బుద్ధులు మొదలెడితే బ్యాగులు సర్దుకుంటారు. ఎవరైనా దిగాల్సిన స్టేజీ వచ్చాక మెట్టు మీద నిలబడి, తరవాతేమాయ అని అడిగితే ఆ కథ పాసైనట్టు. అలా పాసైనవి చాలా తక్కువ. పాసు కానివాటిని చించేసి మళ్లీ రాశాను.

ఆ ఏడాది నడుమలోనే నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు, నా గొంతు గురించి అందరూ జోకులు వేశారు. ఆ మర్నాటి నుంచి చేతిలో టికెట్ మిషన్ లేదు. అయినా వారానికి మూడు రోజులు పాసు మీద ఆ సాయంత్రం ట్రిప్పుకు పోయి, అదే వెనక సీట్ల దగ్గర కథ చదివి వచ్చేదాన్ని. కొత్త కండక్టరుకు మొదట్లో నచ్చలేదు, తర్వాత ఆయనే పిల్లల్ని జరిపి నాకు చోటు చూపించేవాడు. మా ఆయన టీవీ చూసుకోమనడం మానేశాడు.

సంవత్సరం నిండిన రోజు రాసిన కథల్లోంచి ఒకటి తీశాను. బస్సులో మరిచిపోయిన ఒంటి చెప్పు తన జత కోసం స్టాండు స్టాండుకీ తిరిగే కథ. పిల్లల దగ్గర పాసైందే. హామీ పత్రం రాయడానికి ఆ రోజు నాకు గంట పట్టింది. ఒక్కో ముక్క రాసి, అది నిజమేనా అని చూసుకుని, తర్వాతి ముక్క రాశాను. సంతకం పెట్టి, ఫోటో తీసి, హైదరాబాదుకే పంపేశాను.

తర్వాత నలభై రోజులు. మళ్లీ అదే ఉలుకూ పలుకూ లేకపోవడం. ఈసారి మాత్రం ఎలా అడగాలో తెలుసు. నలభై ఒకటో రోజు మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెట్టాను, నా కథ మీ పరిశీలనలో ఉందా అని. రెండు రోజులకు సంపాదకుల నుంచి జవాబు వచ్చింది. వేరే కాగితం కాదు, నా కథ మీదే గుర్తులు పెట్టి పంపారు. మొదటి పేజీలో నాలుగు చోట్ల గీతలున్నాయి. ఒక పేరా మొత్తం కొట్టేసి, పక్కన ఇది అనవసరం అని రాశారు. చివర్లో ఇలా ఉంది: కథ తిరిగి పంపుతున్నాం. మొదలు బాగుంది. రెండో పేజీ నుంచి చెప్పు ఏడుస్తూనే ఉంది, పిల్లలు అంతసేపు ఏడుపు భరించరు. ముగింపు మాకు నచ్చలేదు.

ఫోన్ పట్టుకుని నేరుగా నంద్యాల స్టాండుకు పోయాను. డ్రైవరన్న బస్సు అప్పుడే వచ్చి ఆగింది. కిటికీ దగ్గర నిలబడి, కథ తిరిగొచ్చిందని చెప్పాను. ఆయన ఇంజను ఆపి నా మొహంలోకి చూశాడు. తొమ్మిదేళ్లలో అలా చూడటం నాకు గుర్తులేదు.

"పోనీలేక్కా. ఆయప్ప ఇంకా పాతదే మనసులో పెట్టుకున్నాడేమో," అన్నాడు.

"లేదన్నా," అన్నాను. "కథ బాగలేదంట. రెండో పేజీ బాగలేదంట, ముగింపు బాగలేదంట. మొత్తం జవాబులో నా గురించి ఒక్క ముక్కా అనలేదు. నిజంగా చదివినాడన్నా."

ఆ మాట చెబుతూ నేను నవ్వుతున్నానని ఆయన మొహం చూశాకే నాకు తెలిసింది. స్టాండులో బెంచీ మీద కూర్చుని, రెండో పేజీ తీసి, ఏడుపు ఉన్న వాక్యాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేయడం మొదలుపెట్టాను.